పంపింగ్ తగ్గింది, లయ తప్పింది అన్నారు. ముందేముంది? తరచుగా అడిగే ప్రశ్నలు

హార్ట్ ఎటాక్ వచ్చి తేరుకున్నవాళ్ళు, గుండె బలహీనపడిందని తెలిసినవాళ్ళు, గుండె కొట్టుకోవడంలో తేడా ఉందని విన్నవాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు అడిగే ప్రశ్నలివి. ప్రమాదాన్ని ముందే ఎలా అంచనా వేస్తారు, ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చు, దాన్ని బట్టి వైద్యం ఎలా మారుతుంది అన్నదే ఇక్కడి విషయం. మీ మందుల్లో ఏ మార్పయినా మీ డాక్టరుతో మాట్లాడాకే చేయండి.

ఎకోలో మా నాన్నగారి పంపింగ్ 30 శాతం అని వచ్చింది. అంటే గుండె 70 శాతం పాడైనట్టేనా?

కాదు. ఈ అపోహ వల్ల ఎన్నో ఇళ్ళలో అనవసరంగా ఏడుపులు మొదలవుతాయి. ఎడమ జఠరిక, అంటే గుండెలో ఎడమవైపు కింది గది, నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత భాగం బయటికి వెళ్తుందో చెప్పేదే ఈ అంకె. దీన్నే ఎజెక్షన్ ఫ్రాక్షన్, పొట్టిగా ఈఎఫ్ అంటారు. ఆరోగ్యంగా ఉన్న గుండె కూడా నిండిన రక్తాన్నంతా పంపదు. మామూలుగా 55 నుంచి 70 శాతం దాకా ఉంటుంది. కాబట్టి 30ని 100తో కాదు, 60తో పోల్చుకోవాలి. తగ్గిన మాట నిజమే, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. కానీ గుండెలో 30 వంతులే మిగిలిందని దాని అర్థం కాదు.

ఇంకో సంగతి. ఒకే మనిషికి ఒకే రోజు ఇద్దరు ఎకో తీస్తే 5 శాతం అటూ ఇటూ రావడం మామూలే, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తేడా కూడా వస్తుంది. పోయినసారి 32, ఈసారి 29 అని వచ్చిందని కుంగిపోవద్దు. ఎటాక్ వచ్చిన మొదటి రోజుల్లో తీసిన ఎకో ఇంకా తొందరపాటు అంకె. దెబ్బ తిన్న కండరంలో కొంత చచ్చిపోతుంది, కొంత తాత్కాలికంగా స్తంభించి ఉంటుంది. స్తంభించిన భాగం వారాల్లో తిరిగి పుంజుకోవచ్చు. అందుకే డాక్టర్లు మళ్ళీ ఎకో తీయిస్తారు. పెద్ద నిర్ణయాలు ఆ రెండో ఎకోను చూసి తీసుకోవాల్సినవి.

"ఇంకా ఎన్నాళ్ళు?" అని అడిగితే డాక్టరు సూటిగా చెప్పరు. ఎందుకని?

చెప్పగలిగే సాధనం లేదు గనుక. ఉన్నవి గుంపు గురించి చెప్పే లెక్కలు. గుండె బలహీనతకు 2006లో వచ్చిన సియాటిల్ మోడల్, 2013లో వచ్చిన మ్యాజిక్ స్కోరు లాంటివి వయసు, పంపింగ్, బీపీ, ఆయాసం ఏ మేరకు ఉంది, ఏ మందులు వాడుతున్నారు వంటివి తీసుకుని ఒక శాతం ఇస్తాయి. ఉదాహరణకు ఏడాదిలో 10 శాతం అని వచ్చిందనుకోండి. ఇలాంటి పరిస్థితిలో ఉన్న వందమందిని తీసుకుంటే ఏడాది తిరిగేసరికి పదిమంది ఉండకపోవచ్చు, తొంభైమంది ఉంటారు అని అర్థం. మీ నాన్నగారు ఆ పదిలోనా, తొంభైలోనా అన్నది ఆ లెక్కకు తెలియదు.

పైగా ఈ స్కోర్లలో చాలావరకు అమెరికా, యూరప్ రోగుల మీద తయారైనవి. మన దగ్గర గుండె జబ్బు అక్కడికన్నా సుమారు పదేళ్ళు ముందే పలకరిస్తుంది. కేరళలో నడిపిన త్రివేండ్రం హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో రోగుల సగటు వయసు 61 మాత్రమే. మందులు కొనగలగడం, ఆస్పత్రి ఎంత దూరంలో ఉందన్నది, మధ్యలో ఆపేయడం ఇవేవీ ఆ స్కోర్లలో ఉండవు. మా అభిప్రాయంలో, మన ఊళ్ళలో రోగి భవిష్యత్తును ఇవే ఎక్కువగా మారుస్తాయి.

కాబట్టి డాక్టరుని అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: "ఈ అంకెలో మనం మార్చగలిగింది ఏది?" దీనికి మాత్రం మంచి జవాబులు ఉన్నాయి.

ఎటాక్‌తో ఆస్పత్రికి వెళ్ళగానే ఏం చూసి ప్రమాదం ఎంతో చెబుతారు?

ఎక్కువగా వాడేది గ్రేస్ స్కోరు. అందులో ఎనిమిది అంశాలు: వయసు, నాడి వేగం, పై బీపీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, కిలిప్ తరగతి, వచ్చేసరికి గుండె ఆగి ఉందా, ఈసీజీలో ఎస్‌టీ మార్పు, ట్రోపోనిన్ వంటి రక్తపరీక్ష పెరిగిందా. కిలిప్ తరగతి 1967 నాటిది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందా, బీపీ పడిపోయి షాక్‌లోకి వెళ్ళారా అన్నది స్టెతస్కోపుతో, మంచం పక్కనే చూసి నాలుగు మెట్లుగా చెప్పే పద్ధతి. దాదాపు అరవై ఏళ్ళు గడిచినా దాని విలువ తగ్గలేదు.

ఈ జాబితాలో ఏది లేదో కూడా గమనించండి. "ఎన్ని బ్లాకులు?" అన్నది లేదు. బంధువులు ఫోన్ చేసినా, పలకరించడానికి వచ్చినా మొదట అడిగేది అదే. స్టెంటా, బైపాసా అని నిర్ణయించడానికి బ్లాకుల సంఖ్య, అవి ఉన్న చోటు తప్పకుండా కావాలి. కానీ మొదటి గంటల్లో ప్రాణానికి ఎంత ముప్పు ఉందో చెప్పేవి బీపీ, కిడ్నీ, ఊపిరితిత్తులే.

హార్ట్ ఎటాక్, గుండె ఆగిపోవడం ఒకటేనా?

కాదు. ఎటాక్ రక్తనాళం మూసుకుపోవడం. మనిషికి స్పృహ ఉంటుంది, నొప్పి చెబుతాడు. గుండె ఆగిపోవడం ఎక్కువగా కరెంటు దోషం: కింది గదులు లయ తప్పి వణుకుతాయే తప్ప రక్తాన్ని పంపవు. మనిషి క్షణాల్లో కుప్పకూలిపోతాడు. ఎటాక్ దీనికి దారి తీయవచ్చు. పాత ఎటాక్ మిగిల్చిన మచ్చ చుట్టూ ఏళ్ళ తర్వాత కూడా ఇది పుట్టవచ్చు.

హోల్టర్‌లో "ఎక్స్‌ట్రా బీట్లు" వచ్చాయన్నారు. లయ తప్పితే ప్రమాదమేనా?

గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒంటికి తగిలించే హోల్టర్ యంత్రంతో ఈసీజీని 24 గంటలు రికార్డు చేస్తే ఎక్కువమందిలో కొన్ని అదనపు కొట్లు దొరుకుతాయి. ఎకో మామూలుగా ఉండి, స్పృహ తప్పిన చరిత్ర లేకపోతే వీటిలో చాలావరకు హాని చేయనివే. మొత్తం కొట్లలో ఇవి 10 శాతం దాటితే మాత్రం పట్టించుకోవాలి. ఏళ్ళ తరబడి అలా సాగితే గుండె కండరమే నీరసించవచ్చు. వరసగా మూడు లేదా అంతకన్నా ఎక్కువ వేగంగా వచ్చాయంటే, ముఖ్యంగా పంపింగ్ తగ్గినవాళ్ళలో, దాన్ని తప్పక లెక్కలోకి తీసుకుంటారు.

"వాటిని అణిచే మాత్ర ఇవ్వండి" అని అడిగేవాళ్ళు చాలామంది. ఇక్కడ వైద్యం ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఎటాక్ తర్వాత ఎక్స్‌ట్రా బీట్లు ఉన్నవాళ్ళకు మరణం ఎక్కువని అప్పటికే తెలుసు కాబట్టి, వాటిని అణిస్తే మరణం తగ్గుతుందని అందరూ నమ్మారు. అది నిజమేనా అని చూడటానికి అమెరికాలో రోగుల మీద కాస్ట్ అనే మందుల పరీక్ష చేశారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు బీట్లను చక్కగా అణిచాయి. 1991లో వెలువడిన ఫలితం ప్రకారం మందు తీసుకున్న 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 743 మందిలో 26 మంది. ప్రమాదానికి గుర్తుగా ఉన్నదాన్ని తుడిచేసినంత మాత్రాన ప్రమాదం పోదని అప్పుడు తేలింది. అందుకే మీ డాక్టరు రిపోర్టులో బీట్లు చూసి కూడా కొత్త మాత్ర రాయకపోతే, అది నిర్లక్ష్యం అనుకోవద్దు.

పంపింగ్ 35 లోపు ఉంటే ఐసీడీ పెట్టాలన్నారు. ఈ 35 ఎక్కడిది? అంత ఖర్చు నిజంగా అవసరమా?

ఐసీడీ అంటే భుజం దగ్గర చర్మం కింద పెట్టే చిన్న యంత్రం. ప్రమాదకరమైన లయ పుట్టగానే గుర్తించి లోపలి నుంచే షాక్ ఇస్తుంది. మిషెల్ మిరోవ్‌స్కీ బృందం 1980లో జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో మొదటిసారి మనిషికి అమర్చింది. మొదట్లో ఒకసారి గుండె ఆగి బతికి బయటపడ్డవాళ్ళకే పెట్టేవారు. ఇప్పటికీ వాళ్ళకు దీని అవసరంలో పెద్దగా వాదన లేదు.

ఇంకా ఏమీ జరగనివాళ్ళకు ముందు జాగ్రత్తగా పెట్టడంలోనే ఈ అంచనాలన్నీ పనికొస్తాయి. 2002లో మాడిట్-2 పరీక్షలో పాత ఎటాక్ ఉండి పంపింగ్ 30 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళను తీసుకున్నారు. సగటున 20 నెలల్లో ఐసీడీ లేనివాళ్ళలో 19.8 శాతం, ఉన్నవాళ్ళలో 14.2 శాతం చనిపోయారు. 2005లో వచ్చిన స్కడ్-హెఫ్ట్ పరీక్షలో హద్దు 35. ఐదేళ్ళలో ఐసీడీ వల్ల మరణాలు వందకు ఏడు తగ్గాయి. అంటే సుమారు 14 మందికి పెడితే ఐదేళ్ళలో ఒక ప్రాణం అదనంగా నిలిచింది. మిగతా 13 మందిలో కొందరికి అది ఒక్కసారీ అవసరపడదు, కొందరిని వేరే కారణం తీసుకుపోతుంది. ప్రకృతిలో 35 దగ్గర గీత ఏమీ లేదు. పరీక్షల్లో ఎవరిని చేర్చుకున్నారన్న దాన్ని బట్టి పుట్టిన హద్దు అది. 34కి, 36కి మధ్య గుండెలో ఏ మార్పూ ఉండదు.

పంపింగ్ తగ్గడానికి బ్లాకులు కారణం కాకపోతే లెక్క ఇంకా సున్నితం. 2016లో డెన్మార్క్‌లో చేసిన డానిష్ పరీక్షలో ఐసీడీ అకస్మాత్తు మరణాలను సగానికి తగ్గించింది కానీ మొత్తం మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. వయసు మీదపడినవాళ్ళలో లాభం ఇంకా తక్కువ.

ఖర్చు లక్షల్లో ఉంటుంది, పొలమో బంగారమో తాకట్టు పెట్టే కుటుంబాలూ ఉన్నాయి. అందుకే ముందు రెండు విషయాలు గట్టిగా అడగండి. ఎటాక్ వచ్చి 40 రోజులైనా గడిచాయా? స్టెంటు లేదా బైపాస్ అయితే మూడు నెలలు గడిచాయా, సరైన మందులు పూర్తి మోతాదుకు చేరి మూడు నెలలైనా వాడారా? 2004 నాటి డినమిట్ పరీక్షలో ఎటాక్ అయిన కొత్తలోనే, 40 రోజుల లోపు ఐసీడీ పెట్టినవాళ్ళకు మొత్తం మీద లాభం రాలేదు. మందులతో పంపింగ్ 35 దాటితే ముందు జాగ్రత్తగా పెట్టే అవసరమే చాలామందికి తప్పుతుంది. ఈలోపు స్పృహ తప్పడం, ప్రమాదకరమైన లయ రికార్డు కావడం జరిగితే మాత్రం ఆగకూడదు.

ఐసీడీ పెడితే గుండె బలపడుతుందా?

బలపడదు. అది కాపలా మాత్రమే. బలం మందులతో రావాలి. ఈసీజీలో ఎడమ వైపు కరెంటు దారి మూసుకుపోయి, క్యూఆర్ఎస్ (కింది గదులంతా కరెంటు పాకడానికి పట్టే సమయం) 150 మిల్లీసెకన్లు దాటినవాళ్ళకు సీఆర్టీ అనే ప్రత్యేక పేస్‌మేకర్ రెండు వైపులా ఒకేసారి కొట్టించి పంపింగ్ పెంచగలదు. మామూలు పేస్‌మేకర్ నెమ్మదించిన గుండెకు, ఐసీడీ అదుపు తప్పి పరుగెత్తే గుండెకు. ఏది పెడుతున్నారో, ఎందుకో స్పష్టంగా అడిగి రాయించుకోండి.

పంపింగ్ బాగానే ఉంది. ఇక భయం లేనట్టేనా?

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు లోటు ఇక్కడే ఉంది. అకస్మాత్తుగా గుండె ఆగి చనిపోయేవాళ్ళలో ఎక్కువమందికి పంపింగ్ 35 కన్నా ఎక్కువే ఉంటుంది. పంపింగ్ తక్కువ ఉన్న ఒక్కొక్కరికీ ప్రమాదం ఎక్కువే కానీ వాళ్ళ సంఖ్య తక్కువ. పంపింగ్ బాగున్న జనం చాలా ఎక్కువ, వాళ్ళలో ఒక్కొక్కరికి ప్రమాదం తక్కువైనా మొత్తం లెక్క పెద్దది. వాళ్ళలో ఎవరికి ముప్పుందో పట్టుకునే కచ్చితమైన పరీక్ష ఈనాటికీ లేదు. కానీ జాడలు ఉన్నాయి.

మొదటి జాడ స్పృహ తప్పడం. ఎండలో ఎక్కువసేపు నిలబడి, చెమట పట్టి, కళ్ళు చీకట్లు కమ్మి పడిపోవడం ఎక్కువగా హాని లేనిదే. పరుగెడుతూనో, ఈత కొడుతూనో, కూర్చుని ఉండగానో ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా పడిపోయి, నిమిషంలో తేరుకుంటే అది గుండె లయ సమస్య కావచ్చు. పడిపోయినప్పుడు కాళ్ళూ చేతులూ కొట్టుకుంటే ఫిట్స్ అనుకుని ఏళ్ళ తరబడి ఫిట్స్ మాత్రలు మింగే పిల్లలున్నారు. ఫిట్స్ అన్న ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక్కసారైనా ఈసీజీ తీయించండి. లాంగ్ క్యూటీ అనే వంశపారంపర్య లోపం దొరకవచ్చు. క్యూటీ అంటే కింది గదులు ఒకసారి కొట్టి మళ్ళీ సిద్ధం కావడానికి పట్టే సమయం, ఈసీజీలో కనిపిస్తుంది. అందులో ఒక రకం ఈత, పరుగులప్పుడు బయటపడుతుంది, ఇంకో రకం అలారం మోగి ఉలిక్కిపడినప్పుడు. నాడి వేగానికి తగ్గట్టు సరిచేసిన క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటితే ప్రమాదం బాగా ఎక్కువ.

రెండోది కుటుంబ చరిత్ర. "మా మేనమామ ముప్పై రెండేళ్ళకే నిద్రలో పోయాడు" అన్న మాట డాక్టరుకు చెప్పాల్సిన మాట. నిద్రలో పోవడానికి 1992లో గుర్తించిన బ్రుగాడా సిండ్రోమ్ ఒక కారణం కావచ్చు. మేనరికాలు జరిగిన కుటుంబాల్లో కొన్ని అరుదైన లోపాలు పైకి తేలే అవకాశం ఇంకా ఎక్కువ.

మూడోది మచ్చ. గుండె ఎమ్మారైలో గడోలినియం అనే రంగు మందు ఇచ్చి తీస్తే కండరంలో మచ్చ ఉన్నచోటు తెల్లగా కనిపిస్తుంది. కరెంటు ఆ మచ్చ చుట్టూ తిరిగి తిరిగి సుడులు కడుతుంది. పంపింగ్ అంతగా తగ్గకపోయినా మచ్చ ఎక్కువుంటే ముప్పు పెరుగుతుంది.

గుండె గోడలు మందమయ్యే హైపర్ట్రోఫిక్ కార్డియోమయోపతిలో అయితే పంపింగ్ మామూలు కన్నా ఎక్కువే కనిపిస్తుంది! అందుకని దానికి వేరే లెక్క. 2014లో యూరప్ వాళ్ళు తెచ్చిన సూత్రంలో వయసు, గోడ మందం, ఎడమ కర్ణిక (పై గది) వెడల్పు, రక్తం బయటికి వెళ్ళేచోట అడ్డంకి, కుటుంబంలో అకస్మాత్తు మరణం, హోల్టర్‌లో వేగమైన లయ, కారణం తెలియని స్పృహ తప్పడం చూస్తారు. ఐదేళ్ళ ముప్పు 6 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఐసీడీ గురించి గట్టిగా ఆలోచించమంటారు.

అమ్మకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. పక్షవాతం వస్తుందని రక్తం పల్చబడే మాత్ర రాశారు. తప్పదా?

పై గదులు కొట్టుకోకుండా వణికితే రక్తం గడ్డకట్టి మెదడుకు చేరుతుంది. పక్షవాతం ముప్పు సుమారు ఐదింతలు. ఎవరికి ఎంతో చెప్పడానికి చాడ్స్-వాస్క్ స్కోరు ఉంది, వేళ్ళ మీద లెక్కించవచ్చు. గుండె బలహీనత, బీపీ, షుగర్, రక్తనాళాల జబ్బు, 65 నుంచి 74 ఏళ్ళ వయసు వీటికి ఒక్కొక్కటి. 75 దాటితే రెండు, పాత పక్షవాతానికి రెండు, స్త్రీ అయితే ఒకటి. బీపీ, షుగర్ ఉన్న 68 ఏళ్ళ అమ్మకు నాలుగు వస్తాయి. 2024లో యూరప్ మార్గదర్శకాలు స్త్రీలకిచ్చే పాయింటును తీసేశాయి, ఆ లెక్కన మూడు. ఎలా చూసినా మాత్ర అవసరమే.

ఆస్పిరిన్ దీనికి సరిపోదు. రక్తం పల్చబరిచే వార్ఫరిన్ ఈ పక్షవాతాన్ని దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది, ఆస్పిరిన్ ప్రభావం దాని ముందు చాలా చిన్నది. రక్తస్రావం ముప్పుకు హ్యాస్-బ్లెడ్ అనే మరో స్కోరు ఉంది. అది ఎక్కువ వచ్చిందని మాత్ర ఆపేయకూడదు. బీపీ అదుపు చేయడం, నొప్పి మాత్రలు, సారా మాన్పించడం లాంటి సరిదిద్దగల వాటిని చూపించడానికే అది.

మన దగ్గర తప్పక చెప్పాల్సిన మినహాయింపు ఒకటుంది. చిన్నప్పటి కీళ్ళవాతం జ్వరంతో మైట్రల్ కవాటం బాగా సన్నబడ్డవాళ్ళకు ఈ స్కోరు లెక్కించనే కూడదు. సున్నా వచ్చినా మాత్ర కావాలి. అదీ పాత మందులే, అంటే వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటివి. 2022లో ఫలితాలు వచ్చిన ఇన్విక్టస్ పరీక్షలో కీళ్ళవాత గుండె జబ్బువాళ్ళకు కొత్త తరం మందు రివరోక్సబాన్ కన్నా పాత మందుతోనే మరణాలు తగ్గాయి. మన దేశపు రోగులూ అందులో ఉన్నారు. రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకు తిరగడం విసుగే, కానీ మానొద్దు. ఆకుకూరలు మానేయనక్కర్లేదు, ఏ వారానికా వారం ఇంచుమించు ఒకేలా తింటే చాలు.

స్మార్ట్‌వాచ్ కొంటే సరిపోతుందా? ఏఐ చెప్పేస్తుందంటున్నారు కదా?

వాచ్ ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని అనుమానించగలదు. 2019లో వెలువడిన యాపిల్ హార్ట్ స్టడీలో 4 లక్షలకు పైగా జనంలో 0.52 శాతానికే హెచ్చరిక వచ్చింది. వాళ్ళలో తర్వాత ఛాతీకి ఈసీజీ ప్యాచ్ పెట్టి చూపించుకున్నవాళ్ళలో 34 శాతానికి ఆ లయ దొరికింది. మిగతావాళ్ళకు లేదని కాదు, వచ్చి పోతుండవచ్చు. వాచ్ హార్ట్ ఎటాక్‌ని పట్టలేదు. ఛాతీలో నొప్పి ఉంటే వాచ్ చూస్తూ కూర్చోవద్దు. దడ నెలకోసారి వచ్చేవాళ్ళకు 24 గంటల హోల్టర్‌లో ఏమీ దొరకకపోవచ్చు. చర్మం కింద పెట్టే లూప్ రికార్డర్ సుమారు మూడేళ్ళు కనిపెట్టుకుని ఉంటుంది.

ఏఐ విషయంలో ఆశ పెట్టుకోవచ్చు. మామూలు లయలో తీసిన ఈసీజీని చూసి ఆ మనిషికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ వచ్చిపోతోందేమో చెప్పే ప్రోగ్రామ్‌ని 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ బృందం చూపించింది. మన జనం మీద పరీక్షించి చూశాకే అలాంటివాటిని నమ్మి ఐసీడీ పెట్టడమో మానడమో చేయాలి.

ఇంట్లో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. గుండె బలహీనతకు ఇప్పుడు నాలుగు రకాల మందులు కలిపి ఇస్తారు: బీటా బ్లాకర్, ఆర్ని లేదా ఆ కోవలోని మందు, స్పైరనొలాక్టోన్ లాంటిది, షుగర్ మందుగా మొదలైన ఎస్‌జీఎల్‌టీ2 మాత్ర. అంచనా అంకెను నిజంగా కదిలించేవి ఇవే. బాగానే ఉంది కదా అని బీటా బ్లాకర్‌ని ఒక్కసారిగా ఆపడం ప్రమాదం.

రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక బరువు చూసి రాయండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. అదే రోజు ఫోన్ చేయండి. ఆవకాయ, ఊరగాయలు, అప్పడాలు, ఎండుచేపల్లోని ఉప్పు మందుల పనిని కొట్టేస్తుంది. వేసవిలో విరేచనాలు పట్టుకుంటే పొటాషియం పడిపోయి లయ తప్పవచ్చు, నీటి మాత్ర వాడేవాళ్ళు మరీ జాగ్రత్త. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటీబయోటిక్స్ క్యూటీని పెంచుతాయి. మీకు గుండె జబ్బుందని ప్రతి డాక్టరుకూ, ప్రతి షాపులోనూ చెప్పండి.

ఇంట్లో కనీసం ఇద్దరు సీపీఆర్ నేర్చుకోండి. మనిషి కుప్పకూలి, పిలిస్తే పలక్క, ఊపిరి సరిగా తీసుకోకపోతే 108కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. సీపీఆర్, షాక్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. తప్పు చేస్తామేమోనని ఆగొద్దు.

తాతగారికి ఐసీడీ ఉంది. ఇప్పుడు కేన్సర్ ముదిరింది. చివరి రోజుల్లో షాకులు కొడుతుందా?

కొట్టవచ్చు, ఆ నొప్పి ఆయనకు అక్కర్లేదు. షాక్ ఇచ్చే భాగాన్ని ఆపేయమని అడగవచ్చు. ఆపరేషన్ అవసరం లేదు, బయటి నుంచే ప్రోగ్రామర్‌తో నిమిషాల్లో ఆపుతారు. పేస్‌మేకర్ పని అలాగే సాగుతుంది. ఆపడం వల్ల ఆ క్షణంలో ప్రాణం పోదు, మనసు మారితే మళ్ళీ ఆన్ చేయించుకోవచ్చు. ఈ మాట పెద్దాయన తెలివిగా మాట్లాడగలిగినప్పుడే ఆయన్నే అడిగి తేల్చుకోండి. ఆస్పత్రికి తీసుకెళ్ళలేని స్థితి రాకముందే డాక్టరుకు చెప్పి, యంత్రంతో పాటు ఇచ్చిన కార్డును దగ్గర పెట్టుకోండి. ఏ కంపెనీ ప్రోగ్రామర్ తేవాలో దాన్ని చూస్తేనే తెలుస్తుంది.